పదాలు మారాయి, ఫోన్ నంబర్లు మారలేదు

ఎల్‌జీబీటీఐ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్, ఇంటర్‌సెక్స్ మనుషుల) వార్తల్ని మీడియా ఎలా రాయాలి అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఒక పదాల పట్టిక దగ్గరికే చేరుతుంది. ఈ మాట వాడొద్దు, ఆ మాట వాడండి, ఇది పాతబడిపోయింది, అది కించపరుస్తుంది. పట్టిక అక్కర్లేదని కాదు. న్యూయార్క్ టైమ్స్ అంతటి పత్రిక 1987 దాకా, ఎవరో అన్న మాటగానో సంస్థ పేరులోనో తప్ప, 'గే' అన్న పదాన్ని తన వాక్యాల్లోకి రానివ్వలేదు. అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఆ మనుషులు తమ గురించి తాము అలాగే చెప్పుకుంటున్నారు. కాబట్టి మాటల కోసం జరిగిన కొట్లాట చిన్నదేం కాదు. కానీ మాటలన్నీ సరిగ్గా ఉండి వార్త మొత్తం తప్పుగా ఉండటం చాలా తేలిక. 'ట్రాన్స్ మహిళ' (పుట్టినప్పుడు మగపిల్లాడిగా నమోదై, మహిళగా జీవించే మనిషి) అని మర్యాదగా మొదలుపెట్టి, రెండో పేరాలో ఆమె పాత పేరు, మూడో పేరాలో ఆపరేషన్ అయిందా కాలేదా అన్న వివరం, పక్కన ఎక్కడినుంచో తీసిన చిన్నప్పటి ఫొటో. పట్టిక ప్రకారం చూస్తే ఈ వార్తలో తప్పేమీ లేదు!

అసలు తేడా వచ్చేది ఎవరికి ఫోన్ చేశారు అన్న దగ్గర. రిపోర్టర్ ఫోన్లో సేవ్ అయి ఉన్న నంబర్లు చూస్తే చాలు, వార్త ఎలా వస్తుందో సగం ముందే చెప్పేయొచ్చు. పోలీస్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, లాయర్ ఉంటాడు, సైకియాట్రిస్ట్ ఉంటాడు, ఒక మతపెద్ద, రెండు పార్టీల అధికార ప్రతినిధులు. వార్త ఎవరి గురించో వాళ్ల నంబర్ మాత్రం ఉండదు. ఉన్నా ఒకే ఒక్క యాక్టివిస్టుది ఉంటుంది. పెళ్లి హక్కు మీద కోర్టు తీర్పు వచ్చినా ఆవిడకే ఫోన్, హత్య జరిగినా ఆవిడకే, ఏ నటుడో నోరు జారినా ఆవిడకే. ఆవిడ లెస్బియన్ అయినంత మాత్రాన ఇంటర్‌సెక్స్ (మగ, ఆడ అన్న మామూలు నిర్వచనాల్లో ఇమడని శరీరంతో పుట్టిన) పసిపిల్లలకి చేసే ఆపరేషన్ల గురించి కూడా ఆవిడే చెప్పాలి. రైతుల మీద వార్త రాస్తే కనీసం ఒక్క రైతుతోనైనా మాట్లాడతారు, బ్యాంకు మీద రాస్తే బ్యాంకు వాళ్ల వివరణ తీసుకోకుండా వెయ్యరు. ఆ మామూలు పద్ధతే ఈ వార్తల దగ్గరికి వచ్చేసరికి ఎటో వెళ్లిపోతుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2014 జనవరిలో గ్రాంట్‌లాండ్ అనే అమెరికన్ వెబ్‌సైట్, గోల్ఫ్ స్టిక్ ఒకటి కొత్త రకంగా తయారుచేసిన ఒక మహిళ మీద పెద్ద కథనం వేసింది. ఆమె చెప్పుకున్న డిగ్రీలు, ఉద్యోగాలు నిజం కావని రిపోర్టర్ తవ్వి తీశాడు, అంతవరకూ అది పక్కా జర్నలిజం. తవ్వుతుండగా ఆమె ట్రాన్స్ అని కూడా తెలిసింది. ఆ సంగతి ఆమె కంపెనీలో డబ్బు పెట్టిన వ్యక్తికి చెప్పేశాడు. కథనం రాకముందే, 2013 అక్టోబర్‌లో, ఆమె ఆత్మహత్య చేసుకుంది. అయినా కథనం వేశారు, నకిలీ డిగ్రీ ఎలాంటి రహస్యమో ఆమె జెండర్ కూడా అలాంటి రహస్యమే అన్న ధోరణిలో. గొడవ అయ్యాక ఎడిటర్ ఒక పెద్ద వివరణ రాశాడు. అందులో కలవరపెట్టే విషయం ఏంటంటే, అచ్చుకు ముందు ఆ కథనాన్ని పది మందికి పైగా చదివారు. సీనియర్ ఎడిటర్లు, కాపీ ఎడిటర్లు, అందరూ. వాళ్లలో ఒక్కరు కూడా ట్రాన్స్ కాదు, అలాంటివాళ్లకి ఎవరికైనా ఒకసారి చూపిద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. గ్రాంట్‌లాండ్ మాతృసంస్థ అయిన క్రీడా ఛానెల్ ఈఎస్‌పీఎన్‌లో పనిచేసే ఒక ట్రాన్స్ జర్నలిస్టు, గొడవ జరిగాక, అదే వెబ్‌సైట్లో ఆ కథనంలోని తప్పుల్ని విడమర్చి రాసింది. అంటే అడగదగ్గ మనిషి ఒకే సంస్థలో ఉంది. అడగలేదంతే.

అబద్ధపు డిగ్రీ గురించి రాయడానికి ఆమె ట్రాన్స్ అన్న సంగతి అవసరమా? ఈ ఒక్క ప్రశ్న ఎవరో ఒకరు గట్టిగా వేసి ఉంటే సరిపోయేది.

పేరు బయటపడ్డాక

తప్పుగా వచ్చిన వార్తకి సవరణ వెయ్యొచ్చు. ధర తప్పు రాస్తే మర్నాడు సరిచేస్తారు. ఒక మనిషి గే అనో ట్రాన్స్ అనో బయటపెట్టాక మాత్రం సవరణ అనేది లేదు. వెబ్‌సైట్ నుంచి తీసేసినా స్క్రీన్‌షాట్లు తిరుగుతూనే ఉంటాయి, ఇంట్లో తెలిసిన విషయం తెలియకుండా పోదు. మిగతా పొరపాట్లకీ దీనికీ ఉన్న తేడా అదే, అందుకే జాగ్రత్త కూడా ఆ స్థాయిలో ఉండాలి.

2010 అక్టోబర్‌లో ఉగాండాలో రోలింగ్ స్టోన్ అనే చిన్న వారపత్రిక (అమెరికన్ సంగీత పత్రికకీ దీనికీ సంబంధం లేదు) గే అంటూ కొంతమంది ఫొటోలు, పేర్లు వేసి, ఉరితీయండి అన్న మాట కూడా జోడించింది. పేర్లు వచ్చినవాళ్లలో కొందరి మీద దాడులు జరిగాయి, కొందరు ఇళ్లు మారారు. ముగ్గురు కోర్టుకి వెళ్లి గెలిచారు. వాళ్ల గోప్యతకీ గౌరవానికీ భంగం కలిగిందని కోర్టు నష్టపరిహారం ఇప్పించింది. ఆ ముగ్గురిలో ఒకరైన డేవిడ్ కాటో 2011 జనవరి 26న తన ఇంట్లో హత్యకి గురయ్యాడు. ఈ హత్యకి పోలీసులు వేరే కారణం చెప్పారు, ఒకతనికి శిక్ష కూడా పడింది, కాబట్టి పత్రికే చంపించిందని రాసెయ్యడం కూడా సరైన పద్ధతి కాదు. కానీ చంపమని రాసిన పత్రికకి తర్వాత ఏం జరిగినా మాకు సంబంధం లేదు అనే హక్కు ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

ఇలాంటివి ఎక్కడో చిన్న పత్రికలే చేస్తాయి అనుకుంటే పొరపాటు. 2016 రియో ఒలింపిక్స్ అప్పుడు ద డైలీ బీస్ట్ అనే అమెరికన్ వెబ్‌సైట్ రిపోర్టర్ ఒకరు, తను గే కాకపోయినా, డేటింగ్ యాప్‌లు పెట్టుకుని క్రీడాకారుల విలేజ్‌లో ఎవరెవరు కలుద్దామంటారో చూసి సరదా కథనం రాశాడు. పేర్లు లేవు గానీ దేశం, ఆట, శరీరం కొలతలు లాంటి వివరాలున్నాయి, అవి చాలు మనిషిని గుర్తుపట్టడానికి. స్వలింగ సంబంధం నేరమైన దేశాల నుంచి వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ముందు కాస్త మార్చారు, తర్వాత మొత్తం తీసేసి క్షమాపణ చెప్పారు. ఆ కథనం వల్ల పాఠకుడికి కొత్తగా తెలిసిందేమిటి? కుర్రాళ్లు యాప్‌లు వాడతారని. 2022లో సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్‌లో ఒక కాలమిస్ట్, నటి రెబెల్ విల్సన్‌కి ఒక మహిళతో ఉన్న సంబంధం గురించి రాయబోతున్నాం, స్పందన కావాలంటే రెండు రోజులు టైమ్ అని మెసేజ్ పెట్టాడు. ఆమె తనే ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పేసుకుంది. దాంతో తన ఎక్స్‌క్లూజివ్ పోయిందని అతను కాలమ్ రాసి మరీ గొణిగాడు. అక్కడ దొరికిపోయాడు. విమర్శలు వెల్లువెత్తాక పత్రిక కాలమ్ వెనక్కి తీసుకుంది.

అన్నిటికంటే వివరంగా చూడాల్సింది 2020 మే నెలలో దక్షిణ కొరియాలో జరిగింది. కరోనా కేసులు బాగా తగ్గి దేశం ఊపిరి పీల్చుకుంటున్న సమయం. సియోల్‌లోని ఇటేవాన్ ప్రాంతంలో కొన్ని క్లబ్బులకి వెళ్లిన ఒక యువకుడికి పాజిటివ్ వచ్చింది. కుక్‌మిన్ ఇల్బో అనే పత్రిక అతను వెళ్లింది గే క్లబ్ అని ప్రత్యేకంగా హెడ్డింగ్‌లో పెట్టింది. అతని వయసు, ఉండే ప్రాంతం, పనిచేసేది ఎలాంటి చోట, ఏ రోజు ఎక్కడెక్కడ తిరిగాడు, ఇవన్నీ అధికారుల ప్రకటనల్లోనూ వార్తల్లోనూ అప్పటికే ఉన్నాయి. మిగతా మీడియా ఆ హెడ్డింగ్‌ని ఎత్తుకుంది. ఫలితం ఏమైందో చూడండి. ఆ రాత్రి ఆ వీధిలో ఉన్నవాళ్లు వేలమంది. టెస్టుకి వెళ్తే గే అని ముద్ర పడుతుంది, ఉద్యోగం పోతుంది, ఇంట్లో తెలిసిపోతుంది. ఫోన్లు ఎత్తడం మానేశారు. కాంటాక్ట్ ట్రేసింగ్‌లో (సోకినవాళ్లని కలిసినవాళ్లని వెతికి పట్టుకోవడంలో) ప్రపంచానికే పాఠం చెబుతున్న దేశంలో వేలమంది ఆచూకీ దొరకలేదు. చివరికి మే 11న సియోల్ నగరపాలక సంస్థ పేరు చెప్పక్కర్లేకుండా టెస్టు చేయించుకునే ఏర్పాటు పెట్టింది, ఆ తర్వాతే జనం టెస్టులకి బాగా కదిలారు. వైరస్‌కి క్లబ్ ఏ రకందో అక్కర్లేదు. పాఠకుడికి తెలియాల్సింది ఏ తేదీన ఏ వీధిలో ఉన్నవాళ్లు టెస్టు చేయించుకోవాలన్నది మాత్రమే. ఒక్క అదనపు పదం ప్రజారోగ్యాన్ని దెబ్బతీసింది, అది కూడా గే అయినవాళ్లకి మాత్రమే కాదు, అందరికీ.

1981 జూలై 3న న్యూయార్క్ టైమ్స్ 41 మంది స్వలింగ సంపర్కుల్లో అరుదైన క్యాన్సర్ అని లోపలి పేజీలో వేసిన వార్తతో మొదలై ఎయిడ్స్ చాలాకాలం 'వాళ్ల జబ్బు'గా ఉండిపోయింది. అక్కడ గుంపు పేరు చెప్పడం అవసరమే, ఎందుకంటే మొదట బయటపడిన కేసులు వాళ్లలోనే, హెచ్చరిక అందాల్సిందీ వాళ్లకే. అంటే గుంపు పేరు ఎప్పుడూ చెప్పకూడదనే సూత్రం పనికిరాదు. 2022లో ఎంపాక్స్ (మంకీపాక్స్) వచ్చినప్పుడు కూడా ఇదే చిక్కు. ఎవరికి ఎక్కువ ప్రమాదమో స్పష్టంగా చెప్పాలి, చెప్పకపోతే వాళ్లే నష్టపోతారు. కానీ జబ్బుని వాళ్ల స్వభావానికి అంటగట్టకూడదు. ఆ ఏడాది మే నెలలోనే ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం యూఎన్‌ఎయిడ్స్ కొన్ని వార్తల భాష, బొమ్మలు వివక్షని పెంచుతున్నాయని బహిరంగంగా హెచ్చరించాల్సి వచ్చింది. 'ఎవరు' అన్న దగ్గర ఆగిపోకుండా 'ఎలా సోకుతుంది' అన్నది రాస్తే సగం సమస్య తీరుతుంది.

పోలీసు జీపు ఎక్కిన కెమెరా

2014 డిసెంబర్‌లో కైరోలో గే మగవాళ్లు కలుస్తున్నారంటూ ఒక స్నానశాల మీద పోలీసులు దాడి చేశారు. వాళ్లతో పాటు ఒక టీవీ యాంకర్ కూడా కెమెరాతో లోపలికి వెళ్లింది. అర్ధనగ్నంగా ఉన్న మగవాళ్లని లాక్కొస్తుంటే చిత్రీకరించి ప్రసారం చేశారు. అరెస్టయిన 26 మందినీ కోర్టు తర్వాతి నెలలోనే నిర్దోషులుగా వదిలేసింది. కానీ ఆ దృశ్యాలు అప్పటికే ఇంటింటికీ వెళ్లాయి. తీర్పు వచ్చాక వాళ్లు ఏ మొహంతో పనిలోకి వెళ్తారు?

2011లో హైదరాబాద్‌లో గే సంస్కృతి అంటూ టీవీ9 ఒక కార్యక్రమం వేసింది. డేటింగ్ సైట్‌లో ప్రొఫైల్స్ చూసి, వాళ్లకి ఫోన్లు చేసి, మాటలు రికార్డ్ చేసి, ఫొటోలతో సహా చూపించారు. స్టింగ్ ఆపరేషన్ అనేది అవినీతి బయటపెట్టడానికి, అధికారంలో ఉన్నవాడు చాటుగా చేస్తున్నది చూపించడానికి. ఇక్కడ బయటపెట్టిన నేరం ఏమిటో ఎవరికీ తెలీదు. వార్తా ఛానెళ్ల స్వీయ నియంత్రణ సంస్థ అదే ఏడాది మార్చిలో లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చెయ్యమంది. ఆ ఉత్తర్వు ఆ రోజుల్లో చాలా అరుదైన విషయం, ఛానెళ్లకి కాస్త భయం పెట్టింది కూడా. ఫొటోలు కనబడినవాళ్లకి దానివల్ల ఏం ఒరిగిందన్నది మాత్రం ఎవరూ ఫాలోఅప్ రాయలేదనే అనిపిస్తుంది.

పోలీసుల వెర్షన్ మీదే ఆధారపడటం మామూలు క్రైమ్ వార్తల్లో ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఎక్కడైనా జరిగేదే: రాత్రి పదిన్నరకి స్టేషన్ నుంచి నాలుగు లైన్ల నోట్ వస్తుంది. అందులో చనిపోయిన మనిషి పేరు గుర్తింపు కార్డులో ఉన్నది, లింగం కార్డులో ఉన్నది, 'ఆడ వేషంలో ఉన్న పురుషుడు' అన్న వర్ణన పోలీసులది. పేజీ పదకొండింటికి వెళ్లిపోవాలి. సబ్ ఎడిటర్ దాన్ని కాస్త సరిచేసి పెట్టేస్తాడు. మర్నాడు ఆమె స్నేహితులకి ఎవరు చనిపోయారో కూడా అర్థం కాదు, ఎందుకంటే ఆ పేరుతో వాళ్లు ఆమెని ఎప్పుడూ పిలవలేదు. ఇది మర్యాద సమస్య మాత్రమే కాదు, నేరుగా సమాచారం సమస్య. చూసినవాళ్లు ఎవరైనా ముందుకు రావాలంటే వాళ్లకి తెలిసిన పేరు వార్తలో ఉండాలి కదా. చెయ్యగలిగింది ఏంటంటే ఒక్క ఫోన్: ఆమె ఎవరితో ఉండేది, వాళ్లు ఏమని పిలిచేవాళ్లు. రాత్రికి దొరక్కపోతే 'వ్యక్తి' అని రాసి, పొద్దున్నే సరిచెయ్యొచ్చు, వెబ్‌లో అదేమంత కష్టం కాదు. ట్రాన్స్ అన్నది హత్యకి సంబంధించినది అని తేలితే రాయాలి, దాచకూడదు. ఎవరో జేబు కొట్టేసి దొరికితే 'ట్రాన్స్‌జెండర్ అరెస్ట్' అని హెడ్డింగ్ పెట్టడం మాత్రం దేనికీ పనికిరాదు.

కారణం వెతకడంలో తొందర గురించి ఒక మాట. 2016 జూన్ 12న అమెరికాలోని ఓర్లాండోలో పల్స్ అనే గే క్లబ్‌లో 49 మందిని కాల్చి చంపారు. మొదటి గంటల్లో కొన్ని ఛానెళ్లు అది గే క్లబ్ అన్న విషయాన్నే పక్కన పెట్టి మాట్లాడాయి, బ్రిటన్‌లో ఒక కాలమిస్ట్ దీనిమీదే చిరాకుపడి టీవీ చర్చ మధ్యలో లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు తిరక్కుండానే గాలి ఇంకో వైపు తిరిగింది: హంతకుడు కూడా గేనే, అదే క్లబ్‌కి వచ్చేవాడు, యాప్‌లు వాడేవాడు. చూశామన్నవాళ్లు బైట్లు ఇచ్చారు. ఎఫ్‌బీఐకి అందుకు ఆధారాలేమీ దొరకలేదు. 2018లో అతని భార్య మీద జరిగిన విచారణలో బయటికి వచ్చిన వివరాల్ని బట్టి, అతను వేరే చోటికి వెళ్లి, అక్కడ భద్రత ఎక్కువగా కనబడి, అప్పటికప్పుడు నైట్ క్లబ్బులు వెతికి అక్కడికి వచ్చాడు. అది గే క్లబ్ అని అతనికి తెలుసో లేదో కూడా స్పష్టం కాలేదు. ఈ రెండో విషయం ఎంతమంది చదివారు? మొదటి కథ మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. బాధితులు ఎవరో దాచడం ఎంత తప్పో, సరిగ్గా అతికే కథ దొరికింది కదా అని నమ్మెయ్యడం అంతే తప్పు.

రెండు వైపులా అంటే

బ్యాలెన్స్ పేరుతో జరిగేది ఇంకో రకం. టీవీ చర్చలో ఒక పక్క ట్రాన్స్ మనిషిని, ఇంకో పక్క అలాంటివాళ్లు అసలు ఉండరు అనేవాడిని కూర్చోబెడతారు. గట్టిగా అరిచినవాడు గెలుస్తాడు, యాంకర్ గంట కొడతాడు. నిజానికి ఈ విషయాల్లో వాదించుకోవడానికి బోలెడు ఉంది. చట్టంలో ఏ నిబంధన ఎలా ఉండాలి, క్రీడల్లో అర్హత ఎలా నిర్ణయించాలి, ఏ వయసులో ఏ వైద్యం సబబు, ఇవన్నీ అసలైన చర్చలు, వాటిలో భిన్నాభిప్రాయం ఉన్నవాళ్లని తప్పకుండా పిలవాలి. ఆ చర్చల్ని తప్పించుకుని 'వీళ్లు ఉండొచ్చా' అన్న చర్చ పెట్టడం సులువు, టీఆర్పీ కూడా బాగుంటుంది.

శాస్త్రం విషయంలో బ్యాలెన్స్ అంటే ఆధారాన్ని తూచడం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి తీసేశాయి. అయినా 2001లో రాబర్ట్ స్పిట్జర్ అనే పేరున్న సైకియాట్రిస్ట్, గట్టిగా అనుకుంటే కొందరు మారగలరు అని ఒక అధ్యయనం ప్రకటించగానే ప్రపంచమంతా వార్త అయింది. 1973లో ఆ జాబితా నుంచి తీయించడంలో ముందున్న మనిషే ఇలా అనడం మీడియాకి ఇంకా రుచించింది. ఆ అధ్యయనం అంతా 200 మందితో ఫోన్లో మాట్లాడి, వాళ్లు చెప్పింది రాసుకున్నది. వాళ్లలో చాలామందిని పంపిందే స్వలింగ ఆకర్షణని పోగొడతామంటూ మార్పిడి చికిత్సలు నడిపే సంస్థలు. ఇవేవీ దాచిన వివరాలు కావు, అడిగిన రిపోర్టర్‌కి తెలిసేవే. 2012లో స్పిట్జర్ తనే తప్పు ఒప్పుకుని క్షమాపణ రాశాడు. ఆ పదకొండేళ్లలో ఆ వార్త కటింగ్ చూపించి ఎన్ని ఇళ్లల్లో పిల్లల్ని 'చికిత్స'కి పంపారో ఊహించుకోవచ్చు.

సానుభూతి కూడా బుర్రని పక్కన పెట్టిస్తుంది, ఇది చాలామంది మాట్లాడని సంగతి. 2011లో డమాస్కస్‌లో ఉండే ఒక లెస్బియన్ అమ్మాయి పేరుతో ఇంటర్నెట్లో రాతలు వచ్చేవి, ప్రపంచ మీడియా వాటిని నెత్తిన పెట్టుకుంది. జూన్‌లో ఆమెని ఎవరో ఎత్తుకెళ్లారన్న వార్త. తీరా చూస్తే అలాంటి మనిషే లేదు, ఎడిన్‌బరోలో చదువుకుంటున్న 40 ఏళ్ల అమెరికన్ మగాడు రాస్తున్నాడు. ద గార్డియన్‌తో సహా చాలామంది వేసిన ఫొటో, ఈ గొడవతో ఏ సంబంధమూ లేని లండన్ మహిళది. ఆ డమాస్కస్ అమ్మాయిని నేరుగా కలిసిన ఒక్క మనిషి కూడా లేడన్నది అప్పటిదాకా ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. మంచి వార్త కదా, అణచివేతకి ఎదురు నిలిచిన అమ్మాయి కదా అని సరిచూడటం మానేస్తే నష్టపోయేది ఆ దేశంలో నిజంగా ఉన్న లెస్బియన్లే, రేపు వాళ్లు చెప్పేదీ కట్టుకథే అంటారు.

ఇక ఎల్‌జీబీటీఐలో చివరి అక్షరం, 'ఐ'. హెడ్డింగ్‌లో ఉంటుంది, వార్తలో మాయమవుతుంది. ఇంటర్‌సెక్స్ అంటే పుట్టుకతోనే శరీర లక్షణాలు మగ, ఆడ అన్న మామూలు నిర్వచనాల్లో ఇమడకపోవడం. జనాభాలో 0.05 నుంచి 1.7 శాతం మందిలో ఇలాంటి లక్షణాలు ఉంటాయని ఐక్యరాజ్యసమితి చెప్పే అంచనా. ఇది ట్రాన్స్ కావడం కాదు, గే కావడమూ కాదు. మీడియాకి వీళ్లు గుర్తొచ్చేది ఆటల పోటీలప్పుడే, అదీ పరువు తీసే పద్ధతిలో. 2009లో బెర్లిన్‌లో 18 ఏళ్ల దక్షిణాఫ్రికా రన్నర్ కాస్టర్ సెమెన్యా 800 మీటర్ల ఫైనల్ పరుగెత్తడానికి కొన్ని గంటల ముందే ఆమెకి లింగ పరీక్షలు అన్న మాట బయటికి వచ్చింది. తర్వాతి నెలలో రహస్యంగా ఉండాల్సిన పరీక్షల వివరాలంటూ ఆమె శరీరం లోపలి అవయవాల గురించి పత్రికలు రాశాయి. వేరే ఏ క్రీడాకారుడి మెడికల్ రిపోర్టైనా ఇలా అచ్చు వేస్తారా? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖలీఫ్ ప్రత్యర్థి 46 సెకన్లలో తప్పుకోగానే ప్రపంచమంతా ఆమెని ట్రాన్స్ అనేసింది. ఆమె పుట్టినప్పుడు నమోదైందీ, పెరిగిందీ ఆడపిల్లగానే. అర్హత నిబంధనల మీద వివాదం నిజమే, అది రాయాల్సిందే, కానీ అది ట్రాన్స్ వివాదం కాదు. ఇక్కడ నేర్చుకోవాల్సింది బోస్టన్ గ్లోబ్ దగ్గర జరిగింది. వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చిన వార్తలో ఆ తప్పు లేదు. అచ్చు పత్రికలో పేజీ పెట్టేటప్పుడు డెస్క్ వాళ్లు రాసిన హెడ్డింగ్‌లో 'ట్రాన్స్‌జెండర్' వచ్చి చేరింది. మర్నాడే క్షమాపణ చెప్పారు. శిక్షణ అంటే రిపోర్టర్లని ఒక హాల్లో కూర్చోబెట్టి చెప్పడం అనుకుంటారు, కానీ ఎక్కువ ప్రమాదం హెడ్డింగ్ రాసేవాడి దగ్గర, థంబ్‌నెయిల్ చేసే కుర్రాడి దగ్గర, స్క్రోలింగ్ టైప్ చేసేవాడి దగ్గర ఉంది. వాళ్లని ఆ హాల్లోకి ఎవరూ పిలవరు.

ఈలోగా ఇంటర్‌సెక్స్ వాళ్లకి నిజంగా ముఖ్యమైన వార్త, అంటే తమకి ఊహ తెలియకముందే, అత్యవసరం కాకపోయినా, శరీరాన్ని 'సరిచేసే' ఆపరేషన్లు, ఆరోగ్యం పేజీలో కూడా కనబడదు. 2015లో మాల్టా వీటిని చట్టంతో నిషేధించిన మొదటి దేశమైంది.

సరిగ్గా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2017 ఏప్రిల్‌లో రష్యాలోని చెచెన్యాలో గే మగవాళ్లని పట్టుకెళ్లి హింసిస్తున్నారని రష్యన్ పత్రిక నోవాయా గజెటా బయటపెట్టింది. వందమందికి పైగా నిర్బంధంలో ఉన్నారని, కనీసం ముగ్గురు చనిపోయారని రాసింది. అక్కడ పేరు బయటపడితే పోలీసులే కాదు, ఇంట్లోవాళ్లే చంపేసే ప్రమాదం. కాబట్టి బాధితుల పేర్లు లేవు, గుర్తుపట్టగల వివరాలు లేవు. కానీ వార్తలో బలం తగ్గలేదు, ఎందుకంటే వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన సమాచారాన్ని ఒకదానితో ఒకటి సరిచూసుకున్నారు. అధికారులు అలాంటి మనుషులే మా దగ్గర లేరన్నారు, ఆ మాటని కూడా వేశారు. పత్రిక అక్కడితో ఆగకుండా, తప్పించుకోవాలనుకునేవాళ్లు సాయం కోసం ఎవరిని సంప్రదించాలో కూడా చెప్పింది. ఆరు నెలల తర్వాత ఒకతను తన సొంత పేరుతో, మొహం చూపిస్తూ మాట్లాడాడు. ఎప్పుడు మాట్లాడాలో అతనే నిర్ణయించుకున్నాడు, పత్రికలు కాదు. పేరు లేకపోతే నమ్మకం ఉండదు అనే ఎడిటర్లకి ఈ కథనం ఒక్కటి చూపిస్తే చాలు.

దీని వెనక ఏళ్ల తరబడి సంపాదించుకున్న పరిచయాలున్నాయి. సంవత్సరానికి ఒకసారి జూన్ నెలలో ఇంద్రధనుస్సు జెండా ఫొటో, మేకప్‌తో ఉన్న ఒక మొహం క్లోజప్, ఇంతటితో సరిపెడితే ఆ పరిచయాలు రావు. అద్దె ఇల్లు దొరక్కపోవడం, ఆసుపత్రిలో ఏ వార్డులో చేర్చాలో తెలియక గంటలు గడిచిపోవడం, వృద్ధాప్యం, బీమా ఫారంలో నామినీ గడి, ఇవన్నీ వార్తలే, ఏ బీట్ రిపోర్టరైనా రాయగలిగినవే. ఆఫీసులో గే ఉద్యోగి ఒకరుంటే ఈ వార్తలన్నీ అతని మీదే పడెయ్యడం కూడా పరిష్కారం కాదు. అతనికి క్రికెట్ రాయాలని ఉండొచ్చు.

చివరిగా ఎవరూ పట్టించుకోనిది ఆర్కైవ్. 2001లో కైరోలో గే అన్న అనుమానంతో ఒక నది పడవ మీద పోలీసులు దాడి చేసి కేసులు పెట్టిన 52 మంది పేర్లు, ఫొటోలు ఈజిప్టు పత్రికలు విచారణ మొదలవకముందే వేశాయి. వాళ్లలో 29 మందిని కోర్టు నిర్దోషులని వదిలేసింది. అప్పుడంటే కాగితం, పాత పేపర్ పొట్లం కట్టడానికి పోయేది. ఇప్పుడు అలాంటి వార్త పేరు కొట్టగానే పదేళ్ల తర్వాత కూడా మొదటి వరుసలో వస్తుంది, ఉద్యోగం ఇచ్చేవాడికీ అదే కనబడుతుంది. ట్రాన్స్ మనిషి పాత పేరుతో వచ్చిన ఎప్పటిదో స్కూల్ ఆటల పోటీ వార్త కూడా అంతే. ఇలాంటివాళ్లు తీసెయ్యమనో సరిచెయ్యమనో మెయిల్ పెడితే చాలా సంస్థల్లో దాన్ని ఎవరు చూడాలో కూడా తెలీదు. రికార్డు చెరపకూడదన్న వాదనలో న్యాయం ఉంది, కాబట్టి అన్నీ తీసెయ్యమని ఎవరూ అనరు. కేసు కొట్టేస్తే ఆ సంగతి పాత వార్త పైనే కలపడం, నేరం రుజువు కాని మామూలు మనిషి పేరుని సెర్చ్‌లో రాకుండా చెయ్యడం, పాత పేరు మార్చమంటే మార్చి కింద ఒక లైన్ పెట్టడం, వీటిలో ఏదీ రికార్డుని అబద్ధం చెయ్యదు. దానికి ఒక మెయిల్ ఐడీ, దాన్ని రోజూ తెరిచే ఒక మనిషి, వారంలోగా జవాబివ్వాలన్న నియమం ఉంటే చాలు.